చేతిలో ఉన్న బొమ్మను ఎప్పుడు వదిలేయాలి: కలంకారీ పనివాళ్లకు సమగ్ర మార్గదర్శి

శ్రీకాళహస్తిలో కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులు వేసే పని, నేర్చుకునే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది రంగుల గురించి అనుకుంటారు అందరూ. నిజానికి వాళ్లు అడిగేది ఇది: "అక్కా, ఈ గుడ్డ మీద మూడు వారాలు పోయాయి. బాగా రావట్లేదు. పూర్తి చేయాలా, పక్కన పెట్టేయాలా?" తిరుపతిలో చెక్క బొమ్మలు చెక్కేవాళ్లూ, కథలు రాసుకునేవాళ్లూ కూడా ఇదే అడుగుతుంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ వరసలో పెడుతున్నాను. ఉదాహరణలు కలంకారీవే, నాకు తెలిసిన పని అదే కాబట్టి. వేరే పనివాళ్లు గుడ్డ అన్నచోట చెక్క అనో కాగితం అనో చదువుకోండి.

రాత్రి పదకొండుకు, కళ్లు మండుతూ, టెన్షన్‌లో ఉన్నప్పుడు బొమ్మను వదలాలా వద్దా అన్నది తేల్చకండి. ఎక్కడ ఆగి తేల్చాలో పని మొదలుపెట్టిన రోజే రాసి పెట్టుకోవాలి. కింది క్రమం అంతా అందుకే.

1. గుడ్డ ముంచక ముందే రాసుకోవాల్సినవి

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రతి బొమ్మకూ ఒక పేజీ. గుడ్డను కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన దాంట్లో ముంచక ముందే ఈ నాలుగూ రాయాలి:

☐ చూసినవాళ్లకు ఈ బొమ్మలో ఏం కనబడాలి? ఒకే వాక్యం.
☐ ఎన్ని రోజులు ఇస్తాను? తేదీతో సహా.
☐ ఎంత డబ్బు దాకా పెడతాను?
☐ ఏం జరిగితే ఆపేస్తాను? కనీసం రెండు కారణాలు.

మొదటి వాక్యం దగ్గరే చాలామంది తేలిపోతారు. "రామాయణం" అని రాసి ఊరుకుంటారు. అది బొమ్మ కాదు, ఒక బీరువా నిండా బొమ్మలు. "అశోకవనంలో ఉంగరం అందుకుంటున్న సీత చెయ్యి" అని రాస్తే అది బొమ్మ. పని మధ్యలో తడబడినప్పుడు వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఈ వాక్యం తప్ప వేరే ఆధారం ఉండదు. రెండు రోజులు కూర్చున్నా ఈ వాక్యం రాకపోతే గుడ్డ ముంచకండి. పాలూ కరక్కాయా మిగులుతాయి.

రోజుల లెక్కలో ఎండను కలపడం మరిచిపోవద్దు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. పాలలో ముంచిన గుడ్డ ఆ రోజే ఎండకపోతే వాసన పడుతుంది. ఎండాకాలంలో నెల పట్టే పనికి వానాకాలంలో రెండు నెలలు రాసుకోండి. నవంబరులో "నాకు ఈ పని రాదు" అని ఏడ్చినవాళ్లను చూశాను. తప్పంతా మబ్బుది.

ఆపే కారణాలు చేతికి చిక్కేలా ఉండాలి. "నచ్చకపోతే" అని రాయకండి. "మూడు సార్లు బొగ్గుతో గీసినా ప్రధాన బొమ్మ పక్క బొమ్మల్లో కలిసిపోతే" అని రాయండి. "ఆర్డరిచ్చిన పార్టీ రెండోసారి కొత్త ఘట్టం కలపమంటే" అని రాయండి.

2. ఆగి చూసుకోవాల్సిన నాలుగు చోట్లు

మన పనిలో ఉన్న సుగుణం ఏమిటంటే, వెనక్కి రాలేని మెట్టు ఏదో ముందే తెలుస్తుంది. ఆ మెట్టు ఎక్కే ముందు ఆగాలి. ఎక్కాక ఆగితే ఖర్చు పెరుగుతుంది.

*మొదటి చోటు: బొగ్గు గీత అయ్యాక.* చింతపుల్లల బొగ్గుతో గీసింది గుడ్డతో దులిపితే పోతుంది. వదలడానికి ఇంతకంటే చవకైన చోటు లేదు. గుడ్డను గోడకు వేలాడదీసి పది అడుగుల దూరం నిలబడి చూడండి. ఒక రాత్రి గడవనిచ్చి, పొద్దున లేవగానే మళ్లీ చూడండి. పుస్తకంలో రాసిన వాక్యం గోడ మీద కనబడుతోందా? లేదంటే దులపండి. ఇక్కడ పది బొమ్మలు వదిలేసినా ఏమీ పోదు. నేను నేర్చుకునే రోజుల్లో ఈ చోట ఆగకుండా నేరుగా నల్ల గీతలోకి దూకేదాన్ని. ఎన్ని గుడ్డలు పాడయ్యాయో లెక్క లేదు.

*రెండో చోటు: నల్ల గీత మొదలైన మొదటి గంట.* ఇనుప తుక్కు, బెల్లం నానబెట్టి రెండు మూడు వారాలు పులియబెట్టిన నీళ్లను కసిం అంటాం. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. కడిగితే పోదు. అందుకే మొదట ఒక మూల గీసి చూడండి, తర్వాత ఒక్క ముఖం మాత్రమే పూర్తి చేసి ఆపండి. గీత పాకుతోందంటే పాలు సరిగా పట్టలేదని అర్థం, అది గుడ్డ తప్పు, మీ ఆలోచనది కాదు. గీత స్పష్టంగా ఉండి కూడా ముఖంలో జీవం లేకపోతే మిగతా ముఖాల జోలికి పోకండి.

*మూడో చోటు: పటిక పెట్టాక, ఉడకబెట్టే ముందు.* పటిక నీళ్లు పెట్టిన చోటే ఎరుపు పడుతుంది. ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు, కట్టెలు, ఒక రోజంతా పొయ్యి దగ్గర ఇద్దరు మనుషులు, ఇదంతా ఇంకా ఖర్చు కాలేదు. నల్ల గీతలో నిలబడని బొమ్మను రంగు నిలబెడుతుందని చాలామంది ఆశపడతారు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా అలా జరగడం నేను చూడలేదు.

*నాలుగో చోటు: పేడ నీళ్లలో నానబెట్టి, ఇసుక మీద ఆరబెట్టి, గుడ్డ తెల్లబడ్డాక.* నీలం, పసుపు పెట్టే ముందు. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. పొయ్యి మీంచి తీసిన రోజు ఏ గుడ్డా అందంగా ఉండదు. బొమ్మల వెనక ఉన్న ఖాళీ గుడ్డంతా మురికి ఎరుపు పట్టి ఉంటుంది. కొత్తవాళ్లు ఎక్కువ బొమ్మలు వదిలేసేది ఆ రోజే, వదలకూడనిదీ ఆ రోజే. ఉడికించిన రోజు నుంచి గుడ్డ తెల్లబడే దాకా ఏ నిర్ణయమూ తీసుకోవద్దని పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకోండి. స్వర్ణముఖిలో పారే నీళ్లు లేని నెలల్లో ఉతుకు సరిగా కుదరక ఈ మురికి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. ఓపిక పట్టండి.

3. తప్పు ఎక్కడుందో విడదీయడం

"బాగా రావట్లేదు" అన్నది జ్వరం లాంటి మాట. జ్వరం ఎందుకొచ్చిందో చూడాలి.

సరుకు తప్పు: గీత పాకడం, రంగు అతుకులు అతుకులుగా పట్టడం, ఎరుపు వెలవెలబోవడం. ఇవి బొమ్మను వదలడానికి కారణాలు కావు. గుడ్డలో గంజి పోయేదాకా నానబెట్టి ఉతకండి, పాలు నీళ్లు కలపనివి వాడండి, పటిక ఆరాక ఒక రోజు ఆగండి. ఆ గుడ్డ పోతే ఇంకో గుడ్డ మీద అదే బొమ్మ వేయండి.

చేతి తప్పు: ఆలోచన బాగుంది, చేతికి ఇంకా అంత సత్తువ రాలేదు. గుర్రం కాళ్లు కుదరవు, వేళ్లు కర్రల్లా వస్తాయి. ఇలాంటి బొమ్మను వదలకండి, వాయిదా వేయండి. పుస్తకంలో "గుర్రం కాళ్లు వచ్చాక" అని రాసి ఆ పేజీ మూల మడవండి. ఈలోగా గుర్రం కాళ్లు మాత్రమే వంద గీయండి.

అలసట: మూడు రోజులు విశ్రాంతి తీసుకుంటే పోయేది అలసట. మూడు రోజుల తర్వాత గుడ్డ విప్పాలంటే కడుపులో తిప్పినట్టుంటే అది అలసట కాదు, కింద చెప్పేదాంట్లో ఏదో ఒకటి.

ఆర్డరు తప్పు: అడిగినవాళ్లకు ఏం కావాలో వాళ్లకే తెలియదు. ఒకసారి ఒక పార్టీ నా దగ్గర తొమ్మిది అడుగుల గుడ్డకు ఆర్డరిచ్చి, నల్ల గీత సగమయ్యాక కొత్త ఘట్టాలు కలపమంటూ నాలుగు సార్లు ఫోన్ చేశారు. ప్రతిసారీ సరే అన్నాను. ఆఖరికి ఆ గుడ్డ మీద కంటికి నిలిచే చోటు ఒక్కటీ మిగల్లేదు. రెండో ఫోనుకే ఆపాల్సింది. ఆపే కారణాల్లో ఆర్డరు గురించి ఒకటి తప్పక ఉండాలని చెప్పడం అందుకే.

ఆలోచన తప్పు: ఈ బొమ్మ ఈ పద్ధతిలో కుదరనే కుదరదు. దీన్ని గుర్తుపట్టడం అన్నిటికంటే కష్టం. విడిగా చెప్తాను.

4. కుదరని ఆలోచనను గుర్తుపట్టడం: నా గంగమ్మ గుడ్డ

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో భక్తులు వేసే వేషాలన్నీ ఒకే గుడ్డ మీద వేయాలని నాకు చాలా కాలంగా కోరిక. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు, అన్నీ. ఎనిమిది అడుగుల గుడ్డ. మూడు సార్లు మొదలుపెట్టి మూడు సార్లూ ఆగిపోయాను. ప్రతిసారీ నా చేతినే తిట్టుకున్నాను.

తప్పు చేతిది కాదని కాగితం మీద ఒక్కో వేషం పక్కన దాని రంగు రాసుకున్న రోజు అర్థమైంది. జాతరలో వేషాన్ని గుర్తుపట్టేది ఒంటికి పూసుకున్న దాన్నిబట్టి. బైరాగి వేషానికి తెల్లటి నామపు సుద్ద. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు. దొర వేషానికి గంధం.

ఇప్పుడు మన గుడ్డ సంగతి చూడండి. మనకు తెల్ల రంగు లేదు, తెలుపు అంటే రంగు పెట్టకుండా వదిలిన గుడ్డ. బైరాగి ఒళ్లూ తెలుపే, వెనక నేలా తెలుపే, మనిషి మాయమవుతాడు. పోనీ నేలంతా ఎరుపు నింపుదామంటే కుంకుమ పూసుకున్న బండ వేషం మాయమవుతుంది. తోటి ఒళ్లంతా నలుపు నింపాలంటే ఇంకో చిక్కు: పెద్ద చోట కసిం నింపితే అందులోని ఇనుము వల్ల కొన్నేళ్లకు ఆ చోట గుడ్డ చివికిపోతుంది. ఒకదాన్ని సరిచేస్తే ఇంకొకటి చెడుతోంది. ఎన్ని నెలలు కూర్చున్నా ఇది తెమిలేది కాదు.

గుర్తు ఇదే. సరుకు తప్పుకు ఒక మందు వేస్తే తగ్గుతుంది. ఆలోచన తప్పుకు మందు వేసిన ప్రతిసారీ రోగం ఇంకోచోటికి మారుతుంది. మూడు సార్లు అలా మారిందంటే వదలాల్సిన బొమ్మ అది.

ఆ గుడ్డ మూడోసారి గోడ మీద ఉన్నప్పుడు తిరుపతి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చూసి, "ఇందులో మాతంగి యాడుందమ్మా?" అని అడిగింది. జాతర కథలో, దొర వేషంలో పాలెగాడి (ఊరిని ఏలే దొర) తల నరికిన గంగమ్మ, మాతంగిగా వచ్చి అతని భార్యను ఓదారుస్తుంది. నాకు జాతరలో అన్నిటికంటే ఇష్టమైంది ఆ ఘట్టమే. అది నా గుడ్డలో ఒక మూలన ఐదో బొమ్మగా నిలబడి ఉంది. ఎనిమిది అడుగుల గుడ్డ వదిలేసి రెండడుగుల గుడ్డ మీద మాతంగినీ, ఏడుస్తున్న ఆ ఇల్లాలినీ మాత్రమే వేశాను. ఇద్దరే మనుషులు. పదహారు రోజుల్లో అయిపోయింది.

5. తేల్చుకునే ముందు మూడు పరీక్షలు

1) చిన్న గుడ్డ పరీక్ష. చిక్కుగా ఉన్న చోటును మాత్రమే జానెడు గుడ్డ మీద మొదటి నుంచి చివరి రంగు దాకా చేయండి. చిన్న గుడ్డ మీద కుదిరితే పెద్ద పని బతికే ఉంది.

2) కొత్త కన్ను. పని తెలిసినవాళ్లు ఒకరు, తెలియనివాళ్లు ఒకరు. "ఎలా ఉంది?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. "ఇందులో ఏం జరుగుతోంది?" అని అడిగి నోరు మూసుకోండి. వాళ్లు చెప్పింది మీ వాక్యానికి దగ్గరగా ఉందా చూడండి.

3) ఏడు రోజుల మడత. గుడ్డను మడిచి పైన ఎత్తిపెట్టండి. ఏడు రోజులు చూడకండి. ఆ వారంలో స్నానం చేస్తున్నప్పుడో, బస్సులో ఉన్నప్పుడో ఆ బొమ్మకు సంబంధించిన కొత్త ఊహ ఒక్కటైనా వస్తే పుస్తకంలో రాసుకోండి. ఒక్కటీ రాకపోతే అదీ రాసుకోండి.

6. లెక్క వేయడం

"ఇంత చేశాక ఎలా వదిలేది?" అందరూ అనే మాట ఇదే. పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టండి. ఎడమవైపు ఇప్పటిదాకా పోయిన రోజులు, డబ్బు. కుడివైపు ఇకముందు పోవాల్సిన రోజులు, డబ్బు. ఇప్పుడు ఎడమవైపును చేత్తో మూసేయండి. అది వదిలినా రాదు, కొనసాగించినా రాదు.

కుడివైపు మాత్రం చూసి అడగండి: ఈ ఇరవై రోజులు, ఈ రెండు వేల రూపాయలు నా చేతిలో ఇవాళ ఖాళీగా ఉంటే, ఈ బొమ్మ మీదే పెడతానా, ఇంకో బొమ్మ మీద పెడతానా? మనసులో వెంటనే ఇంకో బొమ్మ మెదిలితే జవాబు వచ్చేసినట్టే.

ఒక్క మినహాయింపు: చివరి చోటు దాటి, నీలం, పసుపు మాత్రమే మిగిలితే పూర్తి చేసేయండి. కుడివైపు రెండు మూడు రోజులే ఉంటాయి, నేర్చుకునేది చాలా ఉంటుంది.

7. వదలాలంటే ఇవి ఉండాలి

☐ తప్పు సరుకుది, చేతిది, అలసటది కాదని తేలింది
☐ ముందే రాసుకున్న ఆపే కారణాల్లో ఒకటైనా నిజంగా జరిగింది
☐ చిన్న గుడ్డ మీద కూడా కుదరలేదు
☐ చూసినవాళ్లు చెప్పింది, నేను రాసుకున్న వాక్యం వేరువేరుగా ఉన్నాయి
☐ ఏడు రోజుల్లో కొత్త ఊహ రాలేదు
☐ నిర్ణయం పగటిపూట, కడుపు నిండాక తీసుకుంటున్నాను

నాలుగు గళ్లు నిండితే వదలండి. మూడైతే ఇంకొక్క వారం. రెండు, లేదా అంతకంటే తక్కువైతే పనిలో కూర్చోండి.

8. వదిలే పద్ధతి

సగం గుడ్డను మూలన కుక్కి మరిచిపోవడం వదలడం అనిపించుకోదు. అది రోజూ కంటబడి గుచ్చుతూనే ఉంటుంది. ఇలా చేయండి:

1) పేజీలో తేదీ వేసి, "ఆపేశాను, ఎందుకంటే" అని రెండు వాక్యాలు రాయండి.

2) ఆర్డరు పని అయితే అదే రోజు ఫోన్ చేయండి. సాకులు వద్దు. "ఈ బొమ్మ ఈ గుడ్డ మీద నిలబడదండీ. దీనికి బదులు ఇది చేసి ఇవ్వగలను, లేదా అడ్వాన్సు ఫలానా తేదీకి తిరిగిస్తాను" అని చెప్పండి. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల్లాంటి గడువు ఉన్న ఆర్డరయితే కనీసం నెల ముందే చెప్పాలి. వాళ్లకూ వేరే దారి చూసుకునే టైం కావాలి.

3) గుడ్డ మొత్తం ఫోటో తీయండి. తర్వాత బాగున్న చోట్లు కత్తిరించండి: ఒక చెయ్యి, ఒక నెమలి, ఒక అంచు. వాటిని అట్టకు అంటించి దాచుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు చూపించడానికి ఇంతకంటే మంచివి దొరకవు.

4) మిగిలిన గుడ్డను రంగు పరీక్షలకు వాడండి. కరక్కాయ పట్టిన గుడ్డ కాబట్టి కొత్త కసిం పదును చూడటానికి సరిగ్గా పనికొస్తుంది.

5) మిగిలిన కసిం పారబోయకండి. వడగట్టి మూత పెట్టండి. "కసిం తయారుగా ఉంది కదా" అని చెడిన బొమ్మను లాగేవాళ్లు ఉన్నారు. సరుకు ఇంకో గుడ్డకూ పనికొస్తుంది.

9. తరచుగా చేసే పొరపాట్లు, వాటికి విరుగుడు

*సరిగ్గా కష్టం మొదలైన చోటే ప్రతి బొమ్మనూ వదిలేయడం.* పుస్తకం తిరగేయండి. వరసగా మూడు బొమ్మలు ఒకే చోట ఆగితే లోపం బొమ్మల్లో లేదు. ఆ మెట్టు మీకు భయం. తర్వాతి బొమ్మను ఎంత చెడినా చివరిదాకా చేయండి, చిన్న గుడ్డ మీద.

*ఒకేసారి ఐదారు గుడ్డలు పట్టుకోవడం.* ఒకటి విసుగొస్తే ఇంకొకటి. దేన్నీ వదలరు, దేన్నీ పూర్తి చేయరు. రెండుకు మించి వద్దు. మూడోది మొదలుపెట్టాలంటే రెండిటిలో ఒకటి పూర్తి కావాలి, లేదా పద్ధతిగా వదలాలి.

*ఇంట్లోవాళ్ల మాటకు పట్టుదల పెంచుకోవడం.* "ఎన్నాళ్లు గీస్తావు దాన్నే?" అని అమ్మో అత్తో అన్నందుకు, నిరూపించాలని చెడిన గుడ్డనే పట్టుకుని కూర్చునే ఆడపిల్లలు చాలామంది. వాళ్ల బాధ నాకు తెలుసు, నేనూ పడ్డాను. పుస్తకంలోని పేజీ చూపించి చెప్పండి. కాగితం మీద కారణం ఉంటే ఇంట్లో మాట తగ్గుతుంది.

*వదిలాక వెంటనే అంతకంటే పెద్దది మొదలుపెట్టడం.* పోయినదాన్ని ఒక్క దెబ్బతో రాబట్టాలన్న ఆరాటం అది. వదిలిన తర్వాతి పని జానెడు గుడ్డ మీద, మీకు కళ్లు మూసుకున్నా వచ్చే బొమ్మ అయి ఉండాలి. ఒక చెట్టు, రెండు పిట్టలు. వారంలో పూర్తి చేసి, ఉతికి, మడిచి పెట్టండి.

ఆ తర్వాత పుస్తకంలో కొత్త పేజీ తీయండి. వదిలిన బొమ్మ పేజీలోని మొదటి వాక్యాన్ని మళ్లీ చదవండి. అందులో ఇంకా మిమ్మల్ని పట్టి లాగే ఒక్క మాట ఉంటే, మాతంగి లాంటి మాట, దాన్ని మాత్రం కొత్త పేజీలోకి ఎక్కించి, మిగతాది పాత పేజీలోనే ఉండనివ్వండి.